వస్త్రమునకు లింగభేదము కలదా?

మానవుడు వస్త్రముతో పుట్టలేదు. పోవునప్పుడు దానిని వెంట గొనిపోడు. నడుమనున్న నాలుగు దినములలో మాత్రము అతడు కట్టిన బట్టనుబట్టి లోకము అతనికి గౌరవమునో అవమానమునో పంచిపెట్టుచుండును. జరీయంచు పంచె కట్టినవానికి పీట వేయుదురు; చిరిగిన బట్ట కట్టినవానిని వాకిటనే నిలుపుదురు. బాహ్యాడంబరమునుబట్టి మనుష్యుని తూచు ఈ అవివేకమును బసవేశ్వరాది శరణులు పండ్రెండవ శతాబ్దముననే ఖండించిరి. అయినను వస్త్రవిషయమున మఱియొక ప్రశ్న మన కుటుంబములలో నేటికిని బహిరంగముగ చర్చింపబడక మిగిలియున్నది. పురుషుడు స్త్రీవస్త్రమును ధరింపవచ్చునా? రంగస్థలము మీద కాదు, జాతరలో కాదు. తన యింట, తన నిత్యజీవితమున, ఆ వస్త్రము తనకు ప్రియమైనదను ఒక్క కారణముచేత ధరించినచో అది దోషమగునా?

ఈ ప్రశ్న విన్నంతనే కొందఱు నవ్వుదురు. కొందఱు ముఖము చిట్లింతురు. నవ్వుటయు, ముఖము చిట్లించుటయు విచారము కానేరవు. తల్లిదండ్రులు తలుపులు మూసికొని కంటనీరు పెట్టుకొను ప్రశ్న ఏదైనను, పెద్దలు తలుపులు తెఱచి ఆలోచింపదగిన ప్రశ్నయే. పాఠక మహాశయులు కొంత ఓపికతో ఈ విచారమున నాతో కలిసి నడువ ప్రార్థన.

మొదట, పురుషుని స్త్రీవేషమునకు మన తెలుగుదేశమున లభించిన గౌరవమెట్టిదో చూతము. కూచిపూడి భాగవతుల సంప్రదాయమున స్త్రీపాత్రలను తరతరములుగ పురుషులే ధరించిరి. భామాకలాప కర్తగా ప్రసిద్ధుడైన సిద్ధేంద్రయోగి, ఆ గ్రామమునందలి భాగవత కుటుంబములలోని ప్రతి బాలుడును జీవితమున ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని నియమము చేసెనని సంప్రదాయము చెప్పుచున్నది. జీవుడు భగవంతుని యెదుట నాయికయే యను భావము ఆ నియమమునకు మూలము. ఆ పరంపరలో వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామగా, ఉషగా ప్రేక్షకులను దశాబ్దములపాటు ముగ్ధులను గావించిరి. భారత ప్రభుత్వము 1970లో వారిని పద్మశ్రీతో సత్కరించినది. తెర మీదుగా జడను వైచి సత్యభామ ప్రవేశించు ఘట్టమును చూచిన వారెవ్వరును, ఆ జడ వెనుక నున్నది పురుషుడని చిన్నచూపు చూడలేదు.

నాటకరంగమునకు వచ్చినచో, బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రలను ధరించి ఆంధ్రదేశమంతట పేరుగాంచిరి. 1956లో వారికి పద్మశ్రీ లభించినది. మహారాష్ట్రమున బాలగంధర్వ బిరుదాంకితుడైన నారాయణ శ్రీపాద రాజహంస (1888–1967) స్త్రీపాత్రధారణముచేతనే చిరకీర్తి నార్జించి 1964లో పద్మభూషణుడయ్యెను. ఆయన చీర కట్టిన తీరును, నగలు పెట్టిన పోకడను కులస్త్రీలు చూచి అనుకరించిరని ప్రసిద్ధి. అనగా, చీర కట్టు సొగసును ఒక పురుషుని చూచి స్త్రీలు నేర్చుకొనిరి!

కళను విడిచి భక్తి వైపు చూచినను ఇట్టిదే కనబడును. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగునప్పుడు పురుషులు మ్రొక్కు తీర్చుకొనుటకై చీర కట్టి, పూలు ముడిచి, నగలు పెట్టుకొని అమ్మవారి సన్నిధికి పోవుదురు. భార్యలు, తల్లులు దగ్గర కూర్చుండి వారికి కుచ్చిళ్లు సరిచేయుదురు. కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతమునందలి సంతేకుడ్లూరులో హోలీ పండుగనాడు పురుషులు స్త్రీవేషములతో రతీమన్మథులను పూజించుట ఆచారముగ వచ్చుచున్నది. ఆ వేషమును చూచి ఆ యూరిలో ఎవ్వరును సిగ్గుపడరు. పురాణమున అర్జునుడు విరాటుని కొలువున ఏడాదిపాటు బృహన్నలయై గాజులు తొడిగి ఉత్తరకు నాట్యము నేర్పెను. తిక్కన విరాటపర్వమున ఆ కథను చదివిన తెలుగువాడు అర్జునుని పౌరుషమును శంకింపలేదు. 1963లో వచ్చిన 'నర్తనశాల' చిత్రమున ఎన్.టి. రామారావుగారు బృహన్నలగా కనబడినప్పుడు జనులు వెక్కిరింపలేదు; టిక్కెట్లు కొని మఱల మఱల చూచిరి.

కావున స్త్రీవస్త్రము పురుషుని దేహమును తాకినంతనే దోషము పుట్టునని మన సంప్రదాయమేనాడును నమ్మలేదు. వేదిక మీదనైన పూలమాల వేయుదుము. జాతరలోనైన దండము పెట్టుదుము. అదే పురుషుడు అదే చీరను తన యింట, ఎవ్వరి మెప్పును కోరక కట్టినప్పుడు మాత్రము మన కన్ను మాఱిపోవుచున్నది. మాఱినది చీరయా, మన కన్నా?

ఇది ఊహకొఱకు వేసిన ప్రశ్న కాదు. పూర్వము నా వద్ద చదువుకొనిన ఒక విద్యార్థి తల్లి కొన్ని నెలల క్రిందట నన్ను చూడ వచ్చినది. ఆ యువకునికి ముప్పది యేండ్లు దాటినవి. ఉద్యోగస్థుడు, వేళ తప్పక లింగపూజ చేయువాడు, తల్లిని కంటికి రెప్పవలె చూచుకొనువాడు. అవ్వ లింగైక్యమైన పిదప ఆమె పెట్టెలో మిగిలిన గద్వాల చీరలను, బుట్టచేతుల రవికలను, జడబిల్లను, కాసులపేరును అతడు పోనీయలేదు. పాత పట్టుచీరలు కొని, వానిని కాల్చి, జరీలోని వెండిని తీసికొను వ్యాపారి వీధిలోనికి వచ్చినప్పుడు తల్లి వానిని ఇచ్చివేయబోగా అతడు అడ్డుపడినాడు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెంటిని మగ్గము మీదనే కలిపి నేయు పనితనము ఎట్టిదో అతడు తల్లికి వివరించెనట. పట్టుచీరను నూలుబట్టలో చుట్టి దాచవలెననియు, అప్పుడప్పుడు మడతలు మార్చకున్నచో మడత వద్దనే జరీ విఱిగి పట్టు చీలుననియు అతడు ఎవ్వరో చెప్పగా నేర్చుకొనినాడు. సాయంకాలము పని ముగిసిన పిదప ఆ చీరలలో నొకటి కట్టి, పాత పాటలు వినుచు, పుస్తకము చదువుకొనుచు ఇంట తిరుగును. ఒకటి రెండు మాఱులు ఆ చీరతోనే మొక్కలకు నీరు పోయుటకు వాకిటికిని వచ్చినాడు. ఇరుగుపొరుగు చూచిరి.

"మాస్టారూ, వాడు దొంగతనం చేయలేదు, తాగడు, ఎవరినీ ఒక మాట అనడు. అయినా నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నాను. మా వంశంలో ఎవరు చేసిన పాపమో చెప్పండి" అని ఆమె అడిగినది.

"అమ్మా, మీ అత్తగారి చీరను ఆమెకంటె జాగ్రత్తగా మడతపెట్టేవాడిలో పాపం ఎక్కడుందని వెతకమంటారు?" అంటిని.

ఆ మాట ఆమెకు చాలలేదు. చాలకపోవుట న్యాయమే. ఆమె భయము నిజమైనది. దానిని ఒక చమత్కారపు మాటతో తీర్చుట తగదు. ఆమెకు ఇయ్యవలసిన పూర్తి సమాధానమునే ఇచ్చట విచారించుచున్నాను.

అసలు స్త్రీవస్త్రమనగా నేమి? పంచెయు చీరయు రెండును కుట్టని పొడుగుబట్టలే. ఒకే మగ్గము మీద, ఒకే చేతితో, ఒకే నూలుతో నేయబడును. నేతగాడు పడుగు పేకలను కలుపునప్పుడు ఒక పోగునకు స్త్రీయనియు, వేఱొక పోగునకు పురుషుడనియు పేరు పెట్టడు. ఆ పేరు తరువాత మనము పెట్టినది. మన పూర్వులలో పురుషులు చెవులకు పోగులు, చేతులకు కడియములు, మెడకు హారములు ధరించిరి. జుట్టు పెంచి ముడి వేసికొనిరి. నేడు వానిలో పెక్కు ఆడవారి సొత్తని మనము తలంచుచున్నాము.

ఇతర దేశముల చరిత్రయు ఇట్లే యున్నది. ఎత్తుమడమల పాదరక్షలు నేడు స్త్రీలవని లోకమెఱుగును. కాని అవి పారశీకపు గుఱ్ఱపురౌతుల పాదములనుండి యూరప్ ఖండమునకు వచ్చినవి. 1701లో చిత్రకారుడు రిగో రచించిన ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ చిత్రమున ఆ మహారాజు పట్టు మేజోళ్లతో, ఎఱ్ఱని ఎత్తుమడమలతో, వ్రేలాడు కృత్రిమకేశములతో నిలిచియున్నాడు. ఆ కాలమున అది రాజఠీవి. ఆ ఫ్రాన్సులోనే 1800లో ప్యారిస్ పోలీసులు, స్త్రీ పురుషుల దుస్తులు ధరింపగోరినచో అనుమతిపత్రము పొందవలెనని ఉత్తర్వు చేసిరి. పశువులను చిత్రించుటలో పేరుగాంచిన రోసా బోనర్ అను చిత్రకారిణి సంతలకు పోయి పని చేసికొనుటకు 1857లో అట్టి పత్రము తీసికొనవలసి వచ్చినది. ఆ ఉత్తర్వు చెల్లదని ఫ్రాన్సు ప్రభుత్వము స్పష్టముగ ప్రకటించినది 2013లో. అనగా పంట్లాము తొడుగుకొన్న ఆడది నేరస్థురాలను భావము, వాడుకలో చచ్చిన పిదపకూడ, కాగితము మీద రెండు వందల యేండ్లకు పైగా బ్రదికియున్నది.

మన యిండ్లలోని సంగతి చూడుడు. ఓణీ విడిచి పంజాబీ దుస్తులు తొడిగిన ఆడపిల్లను చూచి ఒకప్పుడు పెదవి విఱిచిన పెద్దలే, నేడు అవి నిండైన దుస్తులని కొని యిచ్చుచున్నారు. మనుమరాలు చొక్కా, పంట్లాము వేసికొని ఉద్యోగమునకు పోవుచుండగా తాత గర్వించుచున్నాడు. కావున స్త్రీవస్త్రము, పురుషవస్త్రము అను గీత సృష్టికర్త గీసినది కాదు. కాలము గీసినది, కాలమే చెఱపివేసి వేఱొక చోట గీయుచున్నది. మాఱుచుండు గీతను దాటుట మర్యాదాభంగమని యొకరు అనవచ్చును. పాపమని ఎవ్వరును అనరాదు.

గీతను శాసనముగా మార్చినప్పుడు ఎంతటి క్రూరత్వము పుట్టునో మన దేశచరిత్రయే చెప్పుచున్నది. ఆంగ్లప్రభుత్వము 1871లో చేసిన నేరజాతుల చట్టమున నపుంసకులను గూర్చి ఒక భాగము చేర్చినది. పోలీసు పట్టికలోనికి ఎక్కినవాడు స్త్రీవలె బట్ట కట్టి, నగ పెట్టి వీధిలో కనబడినచో వారంటు లేకయే పట్టుకొని రెండేండ్లవరకు చెఱసాలలో నుంచవచ్చునని అందున్నది. నిజాం రాజ్యమున 1329 ఫసలీలో, అనగా సుమారు 1919 ప్రాంతమున, అట్టి చట్టమే వచ్చినది. ఆశ్చర్యమేమనగా, నిజాం పాలన పోయినను, రాష్ట్రములు మాఱినను, ఆ చట్టము మాత్రము పుస్తకములలో నిలిచియే యున్నది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు జాతీయ న్యాయసేవల సంస్థ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, మనుష్యుడు తన లింగభావమును దుస్తులద్వారా, మాటద్వారా, నడవడిద్వారా వ్యక్తము చేయుట రాజ్యాంగము 19(1)(ఎ) అధికరణమున నిచ్చిన స్వేచ్ఛలోని భాగమేయని నిర్ణయించినది.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. స్త్రీవస్త్రము ధరించువారందఱు ఒకే తెగవారు కారు. పుట్టుకతో లోకము పురుషుడని పేరు పెట్టినను, తాము స్త్రీలమేయని తమ అంతరంగమున నెఱిగినవారు కొందఱు. వారికి చీర వేషము కాదు. అదియే వారి నిజవస్త్రము. పురుషులుగనే యుండి, ఆ బట్టయందలి అందమును, పాతదనమును, మెత్తదనమును ప్రేమించి ధరించువారు కొందఱు. మ్రొక్కుకొఱకు ధరించువారు, కళకొఱకు ధరించువారు వేఱు. వీరినందఱిని ఒకే వెక్కిరింతమాటతో పిలుచుట అజ్ఞానము. ఎవ్వరు ఎట్టివారో వారినే అడిగి తెలిసికొనుట మర్యాద.

ఇక ఆక్షేపణలను పరిశీలింతము.

ఇది మోసము కాదా యని కొందఱు. తాను కానిదానిని తానని చూపుట అసత్యమే కదా యని వారి తర్కము. మోసము ఎచ్చట నుండునో మన పురాతనుల కథయే తేల్చుచున్నది. తిరుక్కోవలూరు నేలిన మెయ్పొరుళ్ నాయనారు విభూతి ధరించిన వారినందఱిని శివునిగా భావించి సేవించువాడు. యుద్ధమున ఆయనను గెలువలేని ముత్తనాథుడను శత్రువు ఒడలెల్ల భస్మము పూసి, శివభక్తుని వేషమున, గ్రంథపు కట్టలో కత్తి దాచి అంతఃపురమునకు వచ్చెను. రాజు మ్రొక్కగనే పొడిచెను. ఆ హంతకుని వేషమున వంక పెట్టదగినది ఏదియు లేదు. పురుషుడు పురుషునికి తగిన బట్టయే కట్టెను. భస్మము శాస్త్రోక్తముగనే పూసెను. అయినను అంతకంటె మోసము వేఱొకటి కలదా? అసత్యము బట్టలో లేదు. బట్ట వెనుక దాచిన కత్తిలో నున్నది. అవ్వ చీర కట్టి మొక్కలకు నీరు పోయువాని చేతిలో చెంబు తప్ప మఱేమియు లేదు.

అయితే ఈ కథయే మనకు మఱియొక హెచ్చరికయు చేయుచున్నది. దాపరికము పరులకు హాని చేయు చోట దోషమే. ఇట్టి అభిరుచి గల యువకుడు వివాహమునకు సిద్ధపడినప్పుడు వధువునకు ముందుగనే తెలియజెప్పవలెను. ఆమె అంగీకరించుటకో, కాదనుటకో ఆమెకు హక్కు కలదు. పెండ్లియైన పిదప చూచుకొందమని తల్లిదండ్రులే దాచిపెట్టుట రెండు జీవితములను అంధకారమున త్రోయుట. అచ్చటనే అసత్యము, అచ్చటనే హింస. చీరలో కాదు.

ఇది మనోవ్యాధి యని మఱికొందఱు. వైద్యశాస్త్రము ఒకప్పుడు అట్లు తలంచిన మాట నిజము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరినుండి అమలునకు తెచ్చిన వ్యాధుల వర్గీకరణమున, వేఱు లింగమువారి దుస్తులు ధరించుట తనంతట తాను వ్యాధిగ లేదు. పూర్వపు పట్టికలో నున్న ఆ పేర్లను తొలగించిరి. మందులిచ్చి మాన్పింతుమని, తాయెత్తు కట్టి కుదుర్తుమని డబ్బు గుంజువారి వద్దకు బిడ్డను తీసికొనిపోవుట ధనమునకును, బిడ్డ మనస్సునకును హానియే. ఆ యువకుడు దుఃఖముచేత క్రుంగియున్నచో మానసిక వైద్యుని చూపింపవలసినదే. కాని ఆ దుఃఖము చీరవలన వచ్చినదో, చీరను చూచి మనము పలికిన పలుకులవలన వచ్చినదో ముందు విచారింపవలెను.

ఇది అలంకారవ్యామోహము, బంధహేతువు అని విరక్తులు అనవచ్చును. ఈ యాక్షేపణయందు బలము కలదు. అక్కమహాదేవి కౌశికుని రాజభోగములను, వస్త్రాభరణములను విడిచి, కేశములే ఆచ్ఛాదనముగ కల్యాణమునకు నడిచి వచ్చినది. అంతటి వైరాగ్యము గలవారు నేరుగ అడిగినచో మనమందఱము తల వంచవలసినదే. కాని ఆ ప్రశ్న చీర కట్టిన యువకునికొక్కనికే వేయుట న్యాయము కాదు. ఒక్క పెండ్లికి పది పట్టుచీరలు కొని, ఒక్కసారి కట్టి, బీరువాలో నుంచి మఱచువారికిని వేయవలెను. ఉన్న పాతబట్టను పారవేయక, నేసినవాని కాయకమును గౌరవించి, చినిగిన చోట కుట్టి, మఱల మఱల కట్టువానియందు వ్యామోహము కంటె మితమే యెక్కువగ కనబడుచున్నది. పాతవస్త్రములయందలి ఈ ప్రీతి మఱచిపోయిన నేతపనిని, మఱచిపోయిన మనుష్యులను ఇంటిలో నిలుపు ఒక స్మరణము.

ఇక కడపటి ఆక్షేపణ: కుటుంబగౌరవము. తల్లి తల దించుకొనుటకు కారణమిదియే. ఇచ్చట మనము ఒక కఠినమైన మాటను మనకు మనమే చెప్పుకొనవలెను. ఆడపిల్ల చొక్కా వేసికొనిన "మగరాయుడు" అని ముచ్చటపడుదుము. మగపిల్లవాడు లంగా కట్టిన "ఆడంగి" అని నవ్వుదుము. భీరువును నిందింపవలసి వచ్చినప్పుడు "గాజులు తొడిగించుకో" మందుము. ఎందుచేత? స్త్రీ పురుషుని బట్ట కట్టుట మెట్టు ఎక్కుట యనియు, పురుషుడు స్త్రీ బట్ట కట్టుట మెట్టు దిగుట యనియు మన లోలోపల నమ్మకము గూడు కట్టుకొనియున్నది. ఆ యువకుని చూచి మనకు కలుగు సిగ్గునకు వేరు ఈ నమ్మకమే. చీర కట్టుట పురుషునికి అవమానమైనచో, జీవితమంతయు చీర కట్టిన మన తల్లి మనకేమగును? గాజులు పిఱికితనమునకు గుర్తైనచో, ఆ గాజులచేతులతో మనలను ఎత్తి పెంచినవారు పిఱికివారా?

కావున ఈ విషయమున దోషమున్నమాట నిజమే; అది బట్ట కట్టినవానియందు కాదు, బట్టను తక్కువ చేసి చూచువానియందు. స్త్రీ తక్కువది యను భావమును త్రెంచుటకే కదా శరణులు పాటుపడిరి! అనుభవమంటపమున అక్కమహాదేవికి, అక్కనాగమ్మకు లభించిన స్థానమును మనము సభలలో గర్వముగ చెప్పుకొందుము. ఆ చెప్పుకొనుట ఇంటి గడప దాటి లోపలికి వచ్చినప్పుడే సార్థకము.

మన ధర్మమునందే ఈ ప్రశ్నకు సమాధానము మనందఱి దేహముల మీద నున్నది. వస్త్రము స్త్రీకొకటి, పురుషునికొకటి. ఆభరణము స్త్రీకొకటి, పురుషునికొకటి. ఇష్టలింగము మాత్రము ఇద్దఱికి ఒక్కటే. తల్లి మెడలో నున్నదియు, తండ్రి మెడలో నున్నదియు, కొడుకు మెడలో నున్నదియు వేఱు వేఱు కావు. మన యిండ్లలో పుట్టిన శిశువునకు లింగధారణము చేయునప్పుడు ఆడుబిడ్డయా, మగబిడ్డయా యని చూచి లింగమును మార్చము. లింగమునకు లింగభేదము లేదు. వృత్తిచేత నేతగాడైన దేవర దాసిమయ్య, శరీరచిహ్నములనుబట్టి లోకము ఏ పేరు పెట్టినను ఆత్మకు ఆ పేర్లు అంటవని బోధించెను. జీవితమంతయు బట్ట నేసినవాడే బట్ట లోతునకు చేరని తత్త్వమును కనుగొనుట గమనింపదగినది. 'శరణసతి – లింగపతి' యను మన సిద్ధాంతమున మీసములు గల శరణుడును సతియే. పూజలో తనను సతిగ భావించు పురుషుడు, పూజ ముగిసిన పిదప చీరను చూచి అసహ్యపడినచో ఆ భావము పెదవులవఱకే చేరినదనుకొనవలెను.

ఇక కర్తవ్యము. తల్లిదండ్రులు ముందుగ చేయవలసినది వినుట. తిట్టుట, కొట్టుట, బట్టలు కాల్చుట, గదిలో పెట్టి తాళము వేయుట, పెండ్లి చేసిన కుదురునని బలవంతపు ముహూర్తము పెట్టుట ఇవియన్నియు హింసలు. ఇరుగుపొరుగు అడిగినచో "అది మా అత్తగారి చీర, వాడికి ఆవిడంటే ప్రాణం" అని తల్లి నిర్భయముగ అన్న నాడు ఊరి నోరు సగము మూతపడును. ఎచ్చట, ఎప్పుడు కట్టవలెనను విషయమున ఇంటివారును ఆ యువకుడును కలిసి మాటాడుకొనవచ్చును. అపాయమున్న చోట జాగ్రత్తపడుట లొంగుట కాదు; కాని జాగ్రత్త పేరిట బిడ్డను జీవితాంతము దాచిపెట్టుటయు ప్రేమ కాదు. ఉపాధ్యాయులు తరగతిలో "ఆడంగి" యను మాట వినబడిననాడే దానిని నిలుపవలెను. ఆ మాట తగిలిన బాలుడు ఇంటికి పోయి ఎవ్వరికిని చెప్పడు.

మఠములు చేయవలసినది ఇంకను సులభము. దాసోహపు పంక్తిలో కూర్చున్నవానిని 'నీ వంటి మీద బట్ట ఏమి' యని అడుగరాదు. ఆకలి ఏమియో అడుగవలెను. ఎవ్వరైనను తల్లిదండ్రులు ఇట్టి బాధతో వచ్చినప్పుడు స్వాములవారు ప్రాయశ్చిత్తములు విధింపక, ఆ తల్లి చేతిని బిడ్డ చేతిలో పెట్టి పంపినచో అదియే ఉపదేశము.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ మనమందఱము ఎఱిగినదే. శివునకు తల్లి లేదు కదాయని తలంచి, తానే తల్లియై ఆయనకు నీళ్లు పోసి, ముద్దుగ అలంకరించి పెంచినది. దేవుడెట్లుండవలెనో ఆమె శాస్త్రమును అడుగలేదు. తన యెదుటనున్న బిడ్డకు ఏమి కావలెనో చూచినది. కన్నబిడ్డను చూచి తల దించుకొనుచున్న తల్లులందఱు ఆ తల్లిని ఒక్కమాఱు స్మరింతురుగాక. బిడ్డ కట్టిన చీర కుచ్చిళ్లు జాఱినప్పుడు సరిచేయుటకు ఇంటిలో ఒక చేయి యున్నచో, వీధి నవ్వు అతనిని ఏమియు చేయలేదు.